పరుగు బూట్ల ఎన్నిక: విద్యార్థి తెలుసుకొనదగిన విషయాలు

వ్యాయామాలన్నింటిలో ఖర్చు తక్కువైనది పరుగు. దానికి జట్టు అక్కరలేదు, మైదానపు అద్దె అక్కరలేదు, పరికరాలు అక్కరలేదు. ఒక జత బూట్లు ఉంటే చాలు. అయితే ఆ ఒక్క జతను ఎన్నుకొనుటలోనే మన విద్యార్థులు పెక్కుమంది పొరబడుతున్నారు. కొందరు స్తోమతకు మించి ఖర్చుపెట్టి, ఆపైన చింతిస్తున్నారు. మరికొందరు చేతికి దొరికిన జత తొడిగి, నెల తిరుగకముందే మోకాలి క్రింది ఎముక పట్టుకొని కూర్చుంటున్నారు. ఈ రెండు కష్టాలు తప్పించుకొను మార్గం ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలింతము.

ఇది కేవలం ఆటల విషయం కాదు. మౌలాలి నుండి లాలాపేట మీదుగా తార్నాక దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వేకువనే చేరుకొను యువతీయువకులలో చాలామందికి పరుగు ఒక జీవనోపాధి ప్రశ్న. తెలంగాణలో 2022 నాటి పోలీసు నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకండ్లలోను పూర్తి చేయవలసి ఉండెను. అనగా పురుషులకు కిలోమీటరుకు సుమారు నాలుగున్నర నిమిషాలు. నెలల తరబడి అభ్యాసం లేనిదే ఇది సాధ్యం కాదు. ఆ నెలలలో మూడు వారాలు కాలినొప్పితో పోయినచో ఒక కుటుంబపు ఆశ వెనుకబడుతుంది. కాబట్టి బూట్ల ఎన్నికను చిన్న విషయమని త్రోసివేయరాదు.

పాదంపై పడే భారం

నడకలో ఎల్లప్పుడు ఒక పాదమైనా నేలమీద ఉంటుంది. పరుగులో శరీరం క్షణకాలం గాలిలో ఉండి ఒక్క పాదంపై దిగుతుంది. ఆ సమయంలో పాదంపై పడే బలం శరీర బరువుకు రెండు మొదలు మూడు రెట్ల వరకు ఉంటుంది. 60 కిలోల విద్యార్థిని ఉదాహరణగా తీసుకొందము. రెండున్నర రెట్లు అనుకొన్నచో ఒక్కొక్క అడుగుకు 150 కిలోల భారం. అడుగుకు ఒక మీటరు చొప్పున 1600 మీటర్లకు 1600 అడుగులు. అనగా ఒక్కొక్క పాదం ఆ భారాన్ని 800 మార్లు మోయవలెను. దీనిని మోసేవి ప్రధానంగా మన కండరాలు, కీళ్ళు, ఎముకలే. బూటు వాటికి సహాయకారి మాత్రమే.

ఈ సత్యానికి ఒక ప్రసిద్ధ నిదర్శనం కలదు. 1960లో రోము ఒలింపిక్స్ మారథాను పరుగును ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టి పాదాలతో 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లలో గెలిచెను. 1964లో టోక్యోలో అతడే బూట్లు తొడిగి 2 గంటల 12 నిమిషాల 11 సెకండ్లలో గెలిచెను. బూట్లు లేనందున అతడు ఓడిపోలేదు, బూట్లు ఉన్నందువలననే గెలువనూ లేదు. గెలిపించినది అభ్యాసం. అయితే బికిలా పాదాలు చిన్ననాటి నుండి అట్టి పరుగుకు అలవాటుపడినవి. మన తారురోడ్లపై, గాజుపెంకుల నడుమ, అలవాటు లేని పాదాలతో అతనిని అనుకరించబోవుట తగదు.

బూటు నిర్మాణం

పరుగు బూటుకు నాలుగు భాగాలు ముఖ్యం. నేలను తాకేది రబ్బరు సోలు. దానిపైన అదురును తగ్గించు ఫోము పొర. ఆపైన ఉర్దూలో ‘సుఖ్‌తలా’ అని పిలిచే లోపలి అట్ట. వీటికి మీద పాదాన్ని కప్పి ఉంచు బట్ట. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచు విధానం కనుగొన్న తరువాత క్యాన్వాసు బూట్లకు దారి ఏర్పడెను. మన పాఠశాలలలో పి.టి. తరగతికి తొడిగే తెల్లని బూటు ఆ వంశానిదే. దానికి పలుచని రబ్బరు సోలు తప్ప చెప్పుకోదగిన ఫోము లేదు. 1970ల నడుమ నుండి ఇ.వి.ఎ. అను తేలికైన ఫోము వాడుకలోకి వచ్చి, పరుగు బూటు ప్రత్యేక జాతిగా రూపొందెను. కాబట్టి డ్రిల్లుకు పనికివచ్చే క్యాన్వాసు బూటు రోజూ నాలుగైదు కిలోమీటర్ల రోడ్డు పరుగుకు సరిపోతుందని అనుకొనరాదు.

ఇందుకు వ్యతిరేకమైన పొరపాటు కూడా కలదు. సోలు నడుమ కార్బను పలక, ఎత్తైన ఫోముతో పోటీల కొరకు చేసిన బూట్లు నేడు వచ్చినవి. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020లో రోడ్డు పరుగు బూట్ల సోలు మందం 40 మిల్లీమీటర్లు మించరాదని నియమించవలసి వచ్చెను. అవి పోటీదినపు అలంకారాలు, నిత్యాభ్యాసపు పనిముట్లు కావు. త్వరగా అరుగుతాయి, ధర హెచ్చు.

మన దారి, మన నేల

బూటును కొనుటకు ముందు మనం పరుగెత్తే నేలను చూచుకొనవలెను. మౌలాలి పరిసరాలు నల్లసేనపు రాతి నేల. గుట్ట మెట్లు, ఎగుడుదిగుడు సందులు, ఆపైన తార్నాక వరకు తారు, సిమెంటు రోడ్లు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనైతే చెట్ల నీడన రోడ్లు, వాటి ప్రక్కన మట్టిబాటలు. ఇన్ని నేలలకు ఇన్ని జతలు కొనగల స్తోమత మనకు లేదు, అవసరమూ లేదు. మధ్యరకపు ఫోము, లోతు తక్కువైన గళ్ళ సోలు, వంపులలో తూలని వెడల్పైన అడుగు గల ఒక్క జత వీటన్నింటికీ సరిపోతుంది. మేకుల బూట్లు ట్రాక్కు వరకే పరిమితం. మెట్లు ఎక్కుట మంచి వ్యాయామమే గాని, దిగునప్పుడు మోకాళ్ళపై ఒత్తిడి హెచ్చు గనుక పరుగున దిగరాదు.

దుకాణంలో చేయవలసిన పరీక్షలు

సాయంకాలం వేళ కొనుట మంచిది. పగలంతా నడచిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పరుగులోను అట్లే ఉబ్బుతుంది. పరుగుకు వాడే మేజోళ్ళు వెంట తీసుకొనిపోయి, రెండు పాదాలకూ తొడిగి నిలబడవలెను. పెద్ద పాదమే కొలత. పొడవైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండవలెను. మడమ జారరాదు, వ్రేళ్ళు లోపల కదలాడవలెను.

వెడల్పు విషయంలో మనకు ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. దక్షిణ భారతదేశంలో వట్టి పాదాలతో నడచువారిని పరిశీలించి 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసంలో, అట్టివారి పాదం ముందుభాగం వెడల్పుగా ఉంటుందని తేలింది. చిన్ననాడు వట్టికాళ్ళతో, చెప్పులతో తిరిగిన మన విద్యార్థులలో పలువురికి సన్నని బూటు ఇరుకగుటలో వింత లేదు. వెడల్పు చాలకున్న ఒక సంఖ్య పెద్దది తీసుకొనుట కంటె, వెడల్పైన మరొక రకం వెదకుట మేలు. సోదరీమణులు కూడా పురుషుల చిన్న సైజుతో సరిపెట్టుకొనరాదు. అది మడమ వద్ద వదులై కరచే అవకాశం కలదు.

తరువాత బూటును చేతపట్టి వంచి చూడవలెను. వ్రేళ్ళ మొదళ్ళ వద్ద వంగిన మంచిది, నడుమ మడతపడిన మంచిది కాదు. తువ్వాలు పిండినట్లు పిండిన, పూర్తిగా మెలిపడరాదు. చివరకు దుకాణం ముందు పది అడుగులైనా పరుగెత్తవలెను. చెప్పు కరచుచోటు తొడిగినవారికే తెలియును గదా! ‘వాడగా వాడగా వదులవుతుంది’ అని అమ్మేవారు చెప్పు మాటను నమ్మరాదు.

పాదపు కమానును కొలిచి దానికి తగిన బూటు ఇవ్వవలెనను వాదం చాలాకాలం ప్రచారంలో ఉండెను. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైను దళం శిక్షణార్థులపై పరీక్షించి 2009, 2010 సంవత్సరాలలో ప్రకటించిన పరిశోధనలలో అట్టి పంపిణీ వలన గాయాలు తగ్గినట్లు కనబడలేదు. కావున కమాను పేరు చెప్పి హెచ్చు ధర అడిగిన తొందరపడనక్కరలేదు. పాదానికి సుఖంగా ఉండుటే మొదటి లక్షణం. మునుపే పాదబాధ ఉన్నవారు మాత్రం వైద్యుని సంప్రదించవలెను.

ధర విషయం

‘పిండి కొద్దీ రొట్టె’ అను సామెత ఇక్కడ వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుండి జత 2,500 రూపాయల వరకు గల పాదరక్షలపై వస్తుసేవల పన్ను 5 శాతం, ఆపైన 18 శాతం. ఈ హద్దు లోపలనే నిత్యాభ్యాసానికి చాలిన బూటు వెదకుట ఉచితం. ధరను చూచునప్పుడు కిలోమీటరుకు ఎంతయగునో లెక్కించవలెను. 1,500 రూపాయల జత 500 కిలోమీటర్లు వచ్చినచో కిలోమీటరుకు 3 రూపాయలు. 6,000 రూపాయల జత 700 కిలోమీటర్లు వచ్చినను ఎనిమిదిన్నర రూపాయలు. అధిక ధర అధిక రక్షణ కాదు. గత సంవత్సరపు నమూనాలు తగ్గింపు ధరకు దొరికిన తప్పక చూడవచ్చు. బజారులో ‘ఫస్ట్ కాపీ’ అను పేర అమ్ముడగు నకిలీలను, ఇతరులు వాడి వదలిన జతలను మాత్రం పరుగుకు కొనరాదు. పైకి మెరుస్తున్నను లోపలి ఫోము ఎట్టిదో, ఎంత నలిగినదో మనకు తెలియదు.

సంరక్షణ, విరమణ

తడిసిన బూట్లను కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టవలెను. ఎండ వేడికి ఫోము, జిగురు చెడిపోతాయి. పరుగు జతను కళాశాలకు, బజారుకు తొడగరాదు. ప్రక్క కుట్టు విడిన మోచీ వద్ద కుట్టించవచ్చును గాని, నలిగిన ఫోముకు మరమ్మతు లేదు. సాధారణంగా 500 మొదలు 800 కిలోమీటర్ల వరకు ఒక జత పనిచేస్తుంది. రోజుకు 4 కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు పరుగెత్తువారికి 600 కిలోమీటర్లు ఆరు నెలలలో పూర్తియగును. కొన్న తేదీని సుఖ్‌తలా అడుగున వ్రాసి ఉంచుకొనుట మంచి అలవాటు. పరీక్షాదినాన కొత్త జత తొడగరాదు. కనీసం రెండు వారాల ముందే దానిని అలవాటు చేసుకొనవలెను.

ముగింపు

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. కప్పులు, షీల్డులు విజేతలకు అందుతాయి. బూట్లు లేక పరుగుకే రానివారు మన కంటికి కనబడరు. వ్యాయామ విభాగంలో ఒక పాదకొలత పలక, ప్రతి సంవత్సరం కొన్ని జతలు టోకు ధరకు తెప్పించు ఏర్పాటు, పేద విద్యార్థి నెలనెలా కొద్దిగా చెల్లించు సౌకర్యం కలిగించినచో, అది వార్షికోత్సవపు ఖర్చులో స్వల్పభాగం కాగలదు. విద్యార్థులకు మా మాట ఇంతే: పేరును గాక పాదాన్ని, మెరుపును గాక నేలను, ప్రకటనను గాక మన సంచిని చూచి కొనండి. మిగిలిన పని వేకువ లేచు అలవాటు చేస్తుంది.