సైకిల్ తొక్కితే తొడలు మండుతున్నాయి

ప్రశ్న: నా వయసు 41, బరువు 112 కిలోలు. ఉండేది తూంకుంటలో. సుగర్ బోర్డర్‌లో ఉందన్నాక పొద్దున్నే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాకా సైకిల్ తొక్కుతున్నాను. వేసుకునేది కాటన్ ట్రాక్ ప్యాంటు. ఇంటికొచ్చేసరికి తొడల లోపలివైపు కమిలిపోయి, నీళ్లు తగిలితే భగ్గుమంటోంది. డబుల్ ఎక్సెల్ సైకిల్ షార్ట్స్ కొంటే పొట్ట దగ్గర బిగుసుకుపోతున్నాయి. బరువు తగ్గేదాకా ఆపేయమంటారా?
- ఒక పాఠకుడు

జవాబు: ఆపకండి. బరువు తగ్గాక మంచి బట్టలు కొనుక్కుందాం అనుకునేవాళ్ల సైకిల్ గోడకి ఆనుకునే ఉంటుంది. ఇప్పుడున్న ఒంటికి సరిపోయేవి ఇప్పుడే కొనండి.

కాటన్ చెమట పీలుస్తుంది కానీ త్వరగా ఆరదు. పైగా ట్రాక్ ప్యాంటు కుట్లన్నీ కలిసేది సరిగ్గా సీటు మీదే. తడిసిన ఆ గుడ్డ పెడల్ వేసిన ప్రతిసారీ చర్మాన్ని ఒరుస్తుంది. నైలాన్, స్పాండెక్స్ కలిసిన, తొడ సగం దాటి కిందికి దిగే ప్యాడ్ షార్ట్స్ మీకు కావాలి. లోపల డ్రాయరు వేసుకోకూడదు. దాని కుట్లే మళ్లీ కోస్తాయి. షార్ట్స్ నేరుగా ఒంటికే తగులుతాయి, అంచేత ప్రతిసారీ ఉతికినవే వేసుకోవాలి.

పొట్ట ఉన్నవాళ్లకి నా ఓటు బిబ్ షార్ట్స్‌కే. నడుముకి ఎలాస్టిక్ ఉండదు, భుజాల మీంచి పట్టీలు పోతాయి. వంగినా పొట్టని నొక్కవు. అద్దంలో చూసుకుంటే కుస్తీకి దిగుతున్నట్టే ఉంటుంది, నిజమే. పైన వదులు టీషర్టు వేసేయండి. ఎక్సెల్‌ల లెక్క నమ్మొద్దు, కంపెనీకో కొలత. టేపుతో పిరుదుల చుట్టూ, తొడ చుట్టూ కొలిచి చార్టుతో పోల్చుకోండి. మరీ వదులైతే ప్యాడ్ జరుగుతూ అదే పుండు చేస్తుంది.

బయల్దేరేముందు తొడల మధ్య వాజలీన్ రాయండి. తిరిగొచ్చేటప్పుడు చాయ్ దగ్గర తడి షార్ట్స్‌తో గంటలు కూర్చోకండి. స్నానం చేసి, గజ్జలు పూర్తిగా ఆరాకే బట్టలు వేసుకోండి. సీటు మీద మెత్తటి జెల్ కవర్ వేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మీ బరువుకి కూర్చునే ఎముకలు అందులో దిగబడి, మధ్యనున్న నరాల మీద ఒత్తిడి పెరుగుతుంది. వెడల్పాటి, కాస్త గట్టి సీటే మేలు. మర్మాంగాల దగ్గర తిమ్మిరి వస్తే వెంటనే దిగండి; అది మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరుకి చూపించుకోండి.

ఎరుపు గుండ్రంగా, అంచు లేచి, దురదతో పాకుతుంటే అది ఒరుపు కాదు, తామర. క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసిన క్రీములు మెడికల్ షాపులో అడిగి పూయకండి. రెండు రోజులు దురద తగ్గుతుంది, తామర మాత్రం మొండికేస్తుంది. చర్మ వైద్యుణ్ణి కలవండి. సుగర్ బోర్డర్‌లో ఉందన్నారు కాబట్టి హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష కూడా చేయించుకోండి. సుగర్ పెరిగితే గజ్జల మడతల్లో ఫంగస్ వదలదు.

ప్రశ్న: మేడ్చల్‌లో ఉంటాను, 90 కిలోలు. షార్ట్స్‌తో రోడ్డెక్కలేను. చుడీదార్‌తోనే తొక్కొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా తొక్కండి. ఆడవాళ్ల కొలతల ప్యాడ్ షార్ట్స్ లోపల వేసి, పైన పక్క చీలికలున్న వదులు కుర్తా వేసుకోండి. మీకు బిబ్ చెప్పను, మూత్రానికి వెళ్లాలంటే పైబట్టంతా విప్పాలి. ప్యాంటు కాలు గొలుసులో పడకుండా రబ్బరు బ్యాండు పెట్టండి. చున్నీ ఇంట్లోనే వదిలేయండి, చక్రంలో చుట్టుకుంటే మెడకే ప్రమాదం. శామీర్‌పేట వైపు వెళ్లాలనుకుంటే ఔటర్ రింగు రోడ్డు పైకి సైకిళ్లని రానివ్వరు, పక్కనున్న సర్వీసు రోడ్డే మీ దారి. లారీలుంటాయి, మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకోండి.