మే నెలను తలుచుకొని కొను చెల్లే

చెల్లే, పొద్దున ఫోన్ల "అక్కా, బిడ్డ డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్ కావాల్నని వారం సంది ఒక్కటే ఏడుపు, కొనియ్యాల్నా?" అని అడిగితివి. పనుల మీదుండి సగమే చెప్పిన. ఇప్పుడు నిమ్మళంగ కూసొని మిగిలింది చెప్త.

ముందుగాల, మే నెల మధ్యాహ్నం మీ ఇంట్ల ఏ గది సల్లగుంటదో చూడు. ఆ గది ఉంటెనే కొను. హ్యామ్‌స్టరంటే చిన్న ఎలుక లెక్కటి జీవి, దాని పుట్టిల్లు మంగోలియా, సైబీరియా దిక్కు గడ్డి నేలలు. ఎండైనా చలైనా బొరియలకు దూరి బతికే జీవి. 18 నుంచి 24 డిగ్రీలు దానికి హాయి. 30 దగ్గరికొస్తే ప్రాణం మీదికొస్తది. మన మడికొండల ఎండకాలం 40 దాటుడు మామూలే, మెట్టుగుట్ట బండలు పొద్దుగూకినంక కూడ సెగ కక్కుతయ్.

నిరుడు మేము మా హ్యామ్‌స్టర్‌ను రేకుల గదిల పెట్టినం. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను ఇంటికొచ్చేసరికి పక్కకు ఒరిగి ఉంది, కదల్లేదు. నలభై గ్రాములు కూడ లేని జీవి. ఆ బరువు ఇంకా నా అరచేతిల ఉన్నట్టే ఉంటది.

దానికి మనలెక్క చెమట పట్టదు, ఉత్త ఫ్యాన్ గాలికి సల్లబడదు. అద్దాల తొట్టి వద్దు, వేడి లోపల్నే ఆగుతది. జాలీ పంజరం మేలు, కాని సందులు పెన్సిల్ మందం కన్న ఎక్కువుండొద్దు. ఇల్లు కట్టంగ మిగిలిన గ్రానైట్ ముక్క కడిగి లోపల పెట్టు, దాని మీద బోర్ల పండుకుంటది. రంగు వెయ్యని మట్టి గురిగి పక్కకు ఒరిగించి పెడితే అదే దాని ఇల్లు. నీళ్లు గడ్డకట్టిన సీసాకు తువ్వాల సుట్టి పంజరం బయట ఆనించు. కూలర్ ఎదురుంగ మాత్రం పెట్టకు.

కొనెటప్పుడు పొద్దుగూకినంక పో. పగలు నిద్రల ఉన్నదాన్ని చూస్తే ఏం తెలుస్తది? కండ్లు మెరవాలె, తోక కింద పొడిగ ఉండాలె, చురుకుగ ఉరకాలె. రోబోరోవ్‌స్కీ రకం అన్నిటికన్న చిన్నది, చేతికి చిక్కదు. బిడ్డకు క్యాంప్‌బెల్ రకమే నయం. ఒక్కటే తెచ్చుకో. రెండు తెస్తే కొట్లాడుకుంటయ్, లేకుంటే మూడు వారాలల్ల పిల్లలు పెడతయ్.

తిండికి దూరం పోయే పనిలేదు. కొర్రలు, సజ్జలు, కొన్ని కీరదోస ముక్కలు. బెల్లం, అరటిపండు ముద్దుకు కూడ పెట్టొద్దు, క్యాంప్‌బెల్‌కు షుగర్ తొందరగ వస్తది. ఉల్లిగడ్డ, నిమ్మ జాతి పండ్లు అసలే వద్దు. తొవ్వుకునెటందుకు జానెడు మందం కాగితం పొట్టు, పొర్లెటందుకు గిన్నెల సన్న ఇసుక, ఉరికెటందుకు 20 సెంటీమీటర్ల చక్రం. చక్రానికి సందులుంటే కాలు ఇరుకుతది, నిండు పలకదే కొను. చీమలు పట్టకుండ పంజరం కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టు.

మొత్తంగ రెండేండ్లు బతుకుతది. ఆ మాట బిడ్డకు ఇప్పుడే చెప్పు, నేను చెప్పక మా పిల్లలను బాగ ఏడిపించిన.

ఇప్పుడైతే కొనకు, దసరా దాటనియ్. ఈలోపు నువ్వు చూసుకున్న సల్లటి గది గోడకు థర్మామీటర్ తగిలించి, రోజూ మూడు గంటలకు ఎంతున్నదో బిడ్డతోని రాయించు. వచ్చినప్పుడు ఆ కాగితం నాకు చూపియ్.