ఈ అంకె ఎవరు చెప్పారు? హరికేన్ల జాబితాతో ఒక పాఠం

ప్రకృతి వైపరీత్యాల మీద ప్రాజెక్ట్ ఇస్తే చాలామంది పిల్లలు హరికేన్లను ఎంచుకుంటారు. బొమ్మలు బాగుంటాయి, చార్టు నిండుగా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికితే మొదటి వరుసలోనే వికీపీడియాలోని ‘కేటగిరీ 5 అట్లాంటిక్ హరికేన్ల జాబితా’ దొరుకుతుంది. పేరు, తేదీలు, గాలి వేగం, పీడనం, మరణాలు, నష్టం అన్నీ పట్టికలో సిద్ధంగా ఉంటాయి. ఇరవై నిమిషాల్లో చార్టు పూర్తయిపోతుంది.

వికీపీడియా గురించి ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. ‘అందులో ఉందంటే నిజమే’ అని కొందరు, ‘ఎవరు పడితే వాళ్లు రాస్తారు, నమ్మొద్దు’ అని కొందరు. రెండిటిలో ఏది అనుకున్నా జాబితాను పరీక్షగా చూసే పని తప్పిపోతుంది. చూస్తే మాత్రం, చార్టు కంటే ఆ జాబితా తయారైన తీరులోనే పిల్లలు నేర్చుకోవలసింది ఎక్కువ ఉందని మా అభిప్రాయం.

ముందుగా చిన్న పరిచయం. మన బంగాళాఖాతంలో తుపాను అనేదాన్నే అట్లాంటిక్‌లో బలపడినప్పుడు హరికేన్ అంటారు. ఇంజినీరు హెర్బర్ట్ సాఫిర్, వాతావరణ శాస్త్రవేత్త రాబర్ట్ సింప్సన్ తయారుచేసిన కొలమానంలో కేటగిరీ 5 పై మెట్టు. ఒక నిమిషం సగటు గాలి వేగం గంటకు 252 కిలోమీటర్లు, అంతకు మించి ఉంటే ఆ మెట్టు. జాబితాలో ఇప్పుడు నలభైకి పైగా పేర్లున్నాయి. రాసేవాళ్లు జీతం లేని వాలంటీర్లు. వాళ్లు తుపానును కొలవరు, ‘నాకు తెలుసు’ అని రాయడానికి కూడా వీల్లేదు. ప్రతి అంకె పక్కన చిన్న సంఖ్య ఉంటుంది. దాన్ని నొక్కితే పేజీ అడుగున ఉన్న మూలాలకు వెళతాం. ఆ మూలం ఎంత గట్టిదైతే అంకె అంత గట్టిది.

అట్లాంటిక్ తుపానులకు ప్రధాన మూలం అమెరికాలోని మయామీ దగ్గరున్న నేషనల్ హరికేన్ సెంటర్. వారి రికార్డు 1851 నుంచి మొదలవుతుంది. సీజన్‌లో ఎప్పటికప్పుడు బులెటిన్లు ఇస్తారు, తర్వాత కొన్ని నెలలకు ప్రతి తుపాను మీద వివరమైన తుది నివేదిక ఇస్తారు. ఈ రెండూ ఒకటి కావు. 2018 అక్టోబర్ 10న మైకేల్ హరికేన్ ఫ్లోరిడా తీరాన్ని తాకినప్పుడు వేగం గంటకు 155 మైళ్లు, కేటగిరీ 4 అని ప్రకటించారు. విమానాలు, రాడార్లు, తీరంలోని పరికరాలు ఇచ్చిన సమాచారమంతా మళ్లీ పరిశీలించి 2019 ఏప్రిల్‌లో 160 మైళ్లు, కేటగిరీ 5 అని తేల్చారు. తుపాను రోజు పేపరును మూలంగా పెట్టుకున్నవారికి మైకేల్ ఈ జాబితాలో ఉండదు. పేపరు అబద్ధం చెప్పలేదు, ఆ రోజుకు తెలిసింది అంతే.

ఆండ్రూ విషయంలో అయితే పదేళ్లు పట్టింది. 1992లో ఫ్లోరిడాను దెబ్బతీసినప్పుడు అది కేటగిరీ 4. 2002లో కేటగిరీ 5 అయింది. వెనక్కి వెళ్లినవీ ఉన్నాయి. 1950లో తుపానులకు ఏబుల్, బేకర్, చార్లీ అంటూ అక్షరక్రమంలో పేర్లు పెట్టేవారు. నాలుగోదాని పేరు డాగ్. (ఈ పేరు చెబితే క్లాసులో నవ్వు ఖాయం.) ఏళ్ల తరబడి కేటగిరీ 5గా ఉన్న ఈ డాగ్, పాత రికార్డులను తిరిగి పరిశీలించాక కేటగిరీ 4కు దిగి జాబితాలోంచి బయటికి వెళ్లింది. పాత పుస్తకంలో చూసి రాసిన బాబు, కొత్త పేజీ చూసి రాసిన పాప ఇద్దరూ చూసింది చూసినట్టే రాసినా జవాబులు వేరుగా ఉంటాయి. అందుకే జాబితాను బాగుచేయడమంటే వరుసలు పెంచడం కంటే పాత మూలాన్ని తీసి తాజా మూలం పెట్టడమే ముఖ్యం.

లెక్కల టీచర్లకు నచ్చే సంగతి ఒకటుంది. హరికేన్ సెంటర్ అసలు రికార్డు నాట్లలో, అయిదేసి నాట్ల చొప్పున ఉంటుంది. మైకేల్ వేగం 140 నాట్లు. దాన్ని 1.852తో హెచ్చిస్తే 259.28, దగ్గరి అయిదుకు సవరిస్తే 260 కిలోమీటర్లు. అలా కాకుండా ముందే సవరించిన 160 మైళ్లను కిలోమీటర్లలోకి మారిస్తే 257.5 వస్తుంది. 255 రాయాలా, 260 రాయాలా అని తడబాటు. ఒకే తుపానుకు రెండు సైట్లలో రెండు అంకెలు కనిపించడానికి ఇలాంటి సవరణ మీద సవరణ ఒక కారణం. జాగ్రత్తగల సంపాదకులు నాట్ల నుంచే లెక్క మొదలుపెడతారు.

గాలి వేగంలో అయిదు అటూ ఇటూ అయితే పెద్ద నష్టం లేదు. మరణాల గడి సంగతి వేరు. 2017 సెప్టెంబర్ 20న మరియా హరికేన్ ప్యూర్టోరికోను తాకింది. చాలా నెలలపాటు అక్కడి ప్రభుత్వ లెక్క 64 మంది. 2018 మేలో హార్వర్డ్ పరిశోధకులు 3,299 ఇళ్లలో సర్వే చేసి 4,645 అని అంచనా వేశారు. అయితే అసలు సంఖ్య 793 నుంచి 8,498 మధ్య ఎంతైనా ఉండవచ్చని అదే పత్రంలో రాశారు. ఆగస్టులో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం మామూలు రోజుల్లో జరిగే మరణాలతో పోల్చి, ఆరు నెలల్లో 2,975 అదనపు మరణాలు అని తేల్చింది. ప్రభుత్వం ఆ సంఖ్యనే ఒప్పుకుంది. 64 అంటే తుపాను వల్ల పోయారని అధికారికంగా నమోదైనవారు. కరెంటు లేక, ఆస్పత్రికి చేరలేక తర్వాతి నెలల్లో పోయినవారిలో చాలామందిని అందులో లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పటికీ 64 రాసే పట్టిక వేల మందిని వదిలేస్తోంది. 4,645 అని మాత్రమే రాసి పక్కన ఆ వెడల్పు చెప్పని పట్టిక, సర్వే చేసినవారే చెప్పని మాటను వారి నోట పెడుతోంది.

సవరణ ప్రతిసారీ పైకే వెళ్లదు. 2005 కత్రీనాకు ఏళ్లుగా అందరూ రాస్తున్న మరణాల సంఖ్య 1,833. హరికేన్ సెంటర్ 2023 జనవరిలో దాన్ని 1,392కి మార్చింది. మంచి జాబితా కొత్త సంఖ్య ఇచ్చి, పాతది ఎందుకు మారిందో కింద ఒక గమనికలో చెబుతుంది.

పట్టికలో మొదటి హరికేన్ 1924లో క్యూబాను తాకినది. ‘అంతకు ముందు ఇంత పెద్ద తుపానులు రాలేదు’ అని పిల్లలు చార్టు మీద రాసేస్తారు, చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. కానీ విమానంలో కావాలని హరికేన్ లోపలికి వెళ్లడం 1943లో మొదలైంది, ఉపగ్రహాలు 1960ల్లో వచ్చాయి. అంతకు ముందు నడిసముద్రంలో ఏం జరిగిందో ఆ దారిన వెళ్లి బతికి వచ్చిన ఓడ చెబితేనే తెలిసేది. ఈ మాట పట్టికకు పైన ఒక్క వాక్యంలో లేకపోతే, ప్రతి గడీ సరిగ్గా ఉన్నా జాబితా పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది.

‘పది సైట్లలో ఇదే ఉంది మేడమ్’ అని పిల్లలు తరచూ వాదిస్తారు. ఆ పదీ వికీపీడియా నుంచే ఎత్తుకుని ఉండవచ్చు. ఒక సాక్షిని పదిసార్లు బోనెక్కిస్తే పదిమంది సాక్షులు కారు. కొన్నిసార్లు అలా ఎత్తుకున్న సైటునే తిరిగి వికీపీడియాలో మూలంగా చూపుతారు. అనుభవమున్న సంపాదకులు ఇలాంటివి తీసేయడానికే చాలా సమయం పెడతారు.

మన తుపానులతో పోల్చే పిల్లలకు ఒక హెచ్చరిక. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది, అమెరికావారు ఒక నిమిషం సగటు. 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ గరిష్ఠ వేగం మన శాఖ లెక్కలో 185 కిలోమీటర్లు, అమెరికా నౌకాదళ హెచ్చరిక కేంద్రం లెక్కలో 215. రెండూ సరైనవే. కానీ మైకేల్ 260 పక్కన హుద్‌హుద్ 185 పెట్టి పోలిస్తే అది న్యాయమైన పోలిక కాదు. పట్టికలో ‘ఎన్ని నిమిషాల సగటు’ అని ఇంకో గడి గీయించండి.

ఇంట్లో మీరు చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. చార్టు మీద రాసిన ఒక అంకె చూపించి, అది ఎక్కడిదో మీ ముందే తెరిచి చూపించమనండి. ‘గూగుల్’ అన్నది జవాబు కాదు. నివేదిక పేరు, ఇచ్చిన సంస్థ, సంవత్సరం చార్టు అడుగున రాయించండి. వికీపీడియాలో తేడా కనిపిస్తే ఆ పేజీ ‘చర్చ’ విభాగంలో మూలంతో సహా రాయవచ్చు, అలా వచ్చిన సూచనలను సంపాదకులు పరిశీలిస్తారు. తెలుగు వికీపీడియాలో కూడా ఇదే పద్ధతి. పిల్లలు రాసేటప్పుడు సొంత పేరు, స్కూలు పేరు, ఫోన్ నంబరు పెట్టకుండా మీరు పక్కన ఉండి చూడండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మైకేల్‌తో మొదలుపెట్టండి. హరికేన్ సెంటర్ వెబ్‌సైట్‌లో దాని నివేదిక ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషులో ఉంటుంది, పొడవుగా ఉంటుంది, అంతా చదవనక్కర్లేదు. తేదీలవారీగా గాలి వేగం ఇచ్చిన మొదటి పట్టిక తీసి, అందులో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో, అది ఏ కొలతలో ఉందో మీ అబ్బాయినో అమ్మాయినో చెప్పమనండి.