మెడ నిలవని పాపను స్లింగ్‌లో ఎత్తుకోవచ్చా?

ప్రశ్న: మా పాపకు 5 వారాలు. కింద పెడితే చాలు, ఏడుపే. పాపను ఒంటికి కట్టుకునే గుడ్డ, స్లింగ్ కొన్నాను. మెడ నిలవని పిల్లను అలా కట్టకూడదని మా అత్తయ్య అంటున్నారు. నాకూ ఈమధ్య ఊరికే ఏడుపొస్తోంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ అత్తయ్య భయంలో నిజముందమ్మా. అయినా స్లింగ్ మానక్కర్లేదు, కట్టే తీరు తెలిస్తే చాలు. పాపను నిటారుగా, మీ ఎదకు ఆనించి, గుడ్డ మెడకు ఆసరాగా ఉండేలా బిగించి కట్టండి. ఉయ్యాలలా వేలాడనివ్వకండి. అలా పడుకున్న బిడ్డ గడ్డం ఛాతీకి ఆనిపోతే ఊపిరి అందదు, ఏడ్చి చెప్పలేదు కూడా. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2010లో 4 నెలల్లోపు పిల్లల గురించి హెచ్చరించింది ఇందుకే. గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి, ముఖం కనిపించాలి, తల వంచితే నుదుటిమీద ముద్దు పెట్టగలగాలి. మోకాళ్లు పిరుదులకన్నా పైకి, కప్ప కాళ్లలా ఉండాలి. పొయ్యి దగ్గర, బండి మీద మాత్రం వద్దే వద్దు. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా ముందు పిల్లల డాక్టర్‌ను అడగండి.

ఇక మీ సంగతి. కాన్పయ్యాక వచ్చే దిగులు మామూలుగా రెండు వారాల్లో తగ్గుతుంది. మీకు 5 వారాలైంది కాబట్టి ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి. పాలిస్తూనే చికిత్స తీసుకోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీకో, పాపకో హాని చేయాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఈ రాత్రికి పాపను కాసేపు అత్తయ్యకిచ్చి పడుకోండి.