చంకల వాసనకు కత్తి వైద్యమా?

రోజుకు రెండు స్నానాలు చేసినా చంకల వాసన పోవడం లేదనీ, ఆపరేషన్ చేయించుకోవచ్చా అనీ అండమాన్‌లోని చాతం దీవి పాఠకుడొకరి ప్రశ్న.

చేయించుకోవచ్చు, కానీ అది ఆఖరి మార్గం. ఆ దీవిలో ఉక్కపోతకు చెమట పట్టనిది ఎవరికి? అయితే తాజా చెమటకు దాదాపు వాసనే ఉండదు. చంకల్లోని అపోక్రైన్ గ్రంథుల స్రావాన్ని చర్మం మీది బ్యాక్టీరియా విడగొట్టినప్పుడే కంపు పుడుతుంది. ఇందులో ఏబీసీసీ11 జన్యువు పాత్ర పెద్దది. చెవి గులిమి తడిగా ఉంటుందా, పొడిగానా అన్నదీ ఇదే తేలుస్తుందని 2006లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. సబ్బును నిందించి లాభం లేదన్నమాట!

ముందు బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్, అల్యూమినియం క్లోరైడ్ పూత వాడి చూడాలి. చంక వెంట్రుకలు తీసేయాలి.

ఫలితం లేకపోతే, చంక వరకే మత్తిచ్చి, ముడతలో చిన్న గాటు పెట్టి, చర్మం లోపలివైపున్న గ్రంథులను కత్తిరించి తీసేస్తారు. జపాన్, తైవాన్‌లలో ఇది మామూలే. రక్తం గూడుకట్టడం, చర్మం చచ్చుబడటం, మచ్చ మిగలడం దీని ముప్పులు. అందుకే గట్టిగా కట్టు కట్టి, కొన్నాళ్లు చేతులు పైకెత్తవద్దంటారు. బరువులు మోసేవారైతే సెలవు చూసుకునే సర్జన్‌ను కలవాలి.