మామోగ్రామ్ అంటే వణుకు

ప్రశ్న: నా వయసు 46. డాక్టర్ మామోగ్రామ్ రాశారు. ప్రాణం పోయేంత నొప్పి అని మా వదిన చెప్పింది. భయంతో రెండుసార్లు వాయిదా వేశాను. ఏం చేయాలి?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీ భయం సహజమేనమ్మా. రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి ఎక్స్‌రే తీస్తారు. పలచగా పరుచుకుంటేనే చిన్న గడ్డ కూడా కనబడుతుంది, రేడియేషనూ తగ్గుతుంది. నొక్కి ఉంచేది కొన్ని సెకన్లే. మామూలుగా నాలుగు చిత్రాలు తీస్తారు. నెలసరికి ముందు రొమ్ములు సలుపుతాయి, అప్పుడు వెళ్లకండి (మీ వదినగారు ఆ రోజుల్లోనే వెళ్లారేమో). నెలసరి అయిపోయిన వారంలో వెళ్లండి. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు వద్దు. చిత్రంలో మచ్చల్లా పడొచ్చు. భయంగా ఉందని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి. నొప్పి భరించలేకపోతే ఆపమని అడగండి, మొహమాటం వద్దు.

గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం సొట్టపడినా నెలసరి లెక్కలు చూడకుండా వెంటనే డాక్టర్‌ను కలవండి.