చెక్ భాషలో ద్వివచన శేషము : ‘ఒచిమ’ రూప విచారము

చెక్ భాష స్లావిక్ శాఖకు చెందినది, సంస్కృతమునకు జ్ఞాతి. అందు సంబోధనముతో కూడ ఏడు విభక్తులును, ఏక బహువచనములును కలవు. ప్రాచీన చెక్ భాషలో ద్వివచనము కూడ నుండెను. కాలక్రమమున అది లోపించినను, దాని ప్రత్యయములు కొన్ని నేటికిని నిలిచియున్నవి.

‘ఒకొ’ యనగా కన్ను. ‘కన్నులతో’ అనుటకు ‘ఒచిమ’ యందురు. అట్లే ‘రుకమ’ (చేతులతో), ‘నొహమ’ (కాళ్లతో), ‘ఉషిమ’ (చెవులతో). ఈ ‘మ’ ప్రాచీన ద్వివచన ప్రత్యయము. అక్షిభ్యామ్, హస్తాభ్యామ్ అనువాని ‘భ్యామ్’కు స్థానీయము. మనకు భకారమున్నచోట స్లావిక్, బాల్టిక్, జర్మానిక్ శాఖలలో మకారము కనబడును.

సంఖ్యావాచకమున సామ్యము మరింత స్ఫుటము. ‘ద్వాభ్యామ్’ తృతీయా చతుర్థీ పంచములకు సమానము; చెక్ ‘ద్వ్యెమ’ తృతీయా చతుర్థులకు సమానము. ‘ద్వయోః’ షష్ఠీ సప్తములకు ఒక్కటే. ‘ద్వొఉ’ కూడ నట్లే. ఇంతమాత్రమున చెక్ భాష సంస్కృతమునుండి పుట్టినదని బోధించుట యుక్తము కాదు. రెండును ఒకే పూర్వభాషనుండి వేర్వేరుగా వచ్చినవి.

ఇక ‘ఒచిమ’ నేడు ద్వివచనమా? కాదు. చెక్ వారు ఏకాంత సంభాషణమును ‘నాలుగు కన్నుల నడుమ’ అని వ్యవహరింతురు. అందును ‘ఒచిమ’యే ప్రయుక్తము. కావున రూపము ద్వివచనము, అర్థము బహువచనము. విశేషణము సైతము దీని ననుసరించి ‘మ’కారాంతమగును: ‘మొద్రీమ ఒచిమ’, నీలి కన్నులతో.

అర్థము పోయిన ఈ రూపమునకు వేరొక ప్రయోజనము సిద్ధించినది. వలకన్నులు, పులుసుపై తేలు నూనెచుక్కలు కూడ ‘ఒకొ’ శబ్దవాచ్యములే; కాని వానికి బహువచనము ‘ఒచి’ కాదు, ‘ఒక’; తృతీయ ‘ఒకి’. బల్లకాళ్లకు ‘నొహమ’ కాదు, ‘నొహమి’. అనగా ద్వివచన రూపము శరీరావయవమును, సామాన్య బహువచనము తత్సదృశ వస్తువును తెలుపుచున్నది. మరియు వ్యావహారిక చెక్ భాషలో ఈ ‘మ’ సర్వనామపదముల బహువచన తృతీయకును వ్యాపించినది; శిష్టభాష దాని నంగీకరింపదు.

ద్వివచనము లేని తెలుగువారమగు మనము విద్యార్థులకు ‘భ్యామ్’ను కంఠస్థము చేయించి ఊరకుందుము. వచనార్థము వేరు, వచనరూపము వేరు. మొదటిది నశించినను రెండవది క్రొత్త పనికి నియుక్తమై జీవింపగలదు. ఈ వివేకమును బోధించుటకు ‘ఒచిమ’ చక్కని ఉదాహరణము.